కోటవాకిలి మీది వరాహం

పెనుకొండలో మా పుట్టింటికి పోవాలంటే కోటవాకిలి కిందుగానే పోవాలి. ఆటో అయినా, గడ్డి ట్రాక్టరయినా, పెళ్లికూతురి కారయినా ఆ రాతి వాకిలిలో దూరాల్సిందే. పైన అడ్డంగా ఉన్న దూలం రాయి మీద మూడు జానల వెడల్పున ఒక చెక్కడం ఉంది. ఎడమవైపుకు నడుస్తున్న పంది, దాని ముట్టెకు ఎదురుగా నిలబెట్టిన కత్తి, పైన సూర్యుడు, చంద్రుడు. ఒకప్పుడు ఈ వాకిలిని కాపాడిన దొర ఎవరో తన గుర్తుగా చెక్కించుకున్నాడని మా నాయన చెప్పేవాడు. జెండా మీదా అదే గుర్తు, ముద్ర మీదా అదే, వాకిలి మీదా అదేనట. ఏ దొరో నాయనకు తెలియదు. నాకూ తెలియదు. అయినా ఆ గుర్తు నాదేనని చాలా ఏళ్లు అనుకున్నాను.

నాయన ఆ వాకిలి నీడలో బొరుగులు, వేయించిన శనగలు అమ్మేవాడు. నాకు ఐదేళ్లప్పుడు జ్వరం వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. బడి దూరం. నాయన నన్ను భుజం మీద తెచ్చి బొరుగుల మూట పక్కన కూర్చోబెట్టి, పొట్లాలు కట్టే కాగితాల వెనుక అక్షరాలు దిద్దించాడు. నా చదువంతా అదే. కానీ అక్షరాల కంటే ముందు నేను గీసింది ఆ పందినే. పొద్దస్తమానం కళ్లెదురుగా ఉండేది అదొక్కటే. ఊరికి అది పంది, నాకు వరాహస్వామి. రాగానే దండం పెట్టుకునేదాన్ని. పక్కన పూలమ్మే అవ్వ నన్ను చూసి నవ్వేది.

"ఏమ్మే, పందికి మొక్కుతాండావా? రోంత బురద గూడా పెట్టు నైవేద్యానికి."

"మొక్కనీలే అవ్వా," అనేవాడు నాయన. "ఆ సామి అమ్మవారి గుడి దిక్కుకే చూస్తాండాడు గదా. మొక్కు యాడికి పోవల్లో ఆడికే పోతాది."

నిజమే. వాకిలి బయట నిలబడి చూస్తే ఎడమచేతి వైపున అమ్మవారి గుడి. పంది ముట్టె అటే ఉంటుంది.

పెళ్లయి ధర్మవరం వచ్చాను. అత్తగారిది మగ్గం ఇల్లు. కాలు ఈడుస్తూ నడిచే కోడలితో ఏం పని చేయించాలా అని అందరూ ఆలోచిస్తుంటే, మామ నా చేతికి గళ్ల కాగితం, ఎర్రసిరా కలం ఇచ్చాడు. ఒక్కో గడీ ఒక్కో పోగు. బుటా ఎక్కడ లేవాలో అక్కడ చుక్క పెట్టాలి. ఆ చుక్కల ప్రకారం అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం పైన తిరుగుతుంటే బొమ్మ కింద చీరలో దిగుతుంది. పదహారేళ్లు ఆ పని చేశాను. మామ పోయాక కంప్యూటర్లు వచ్చాయి. నా గళ్ల కాగితాలు ట్రంకుపెట్టెలోకి పోయాయి. దానికి నేను ఏడవలేదు. సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు దేవుడిచ్చినవన్నీ ఒక్కొక్కటిగా తలచుకుని దండం పెట్టడం నాకు నాయన నేర్పిన అలవాటు. కళ్లు బాగున్నందుకు, పదహారేళ్లు పని దొరికినందుకు దండం పెట్టుకున్నాను.

అప్పటికి మా మరిది పెళ్లి చేసుకుని హిందూపురం నుంచి నా తోడికోడల్ని తెచ్చాడు. డిగ్రీ చదివింది, చీరల డిజైన్లు కంప్యూటర్లో గీయడం నేర్చుకుని వచ్చింది. నా మూల, నా కిటికీ పక్కనే, ఆమె బల్ల వేశారు. నేను వారం గీసేది ఆమె ఒక పూటలో గీసేది. ఆమె మాటలో కన్నడం దొర్లేది. ఏదైనా నచ్చితే "బలే చెన్నాగుండాది" అనేది, మా అత్త పడీపడీ నవ్వేది. నేను ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను, నా ఏ మాటకూ అత్త అట్లా నవ్వలేదు. చిన్న కోడలికి కాఫీ ఇచ్చేటప్పుడు అత్త గ్లాసు పట్టుకోవడానికి వీలుగా కొంగుతో తుడిచి ఇచ్చేది. నా గ్లాసు గట్టు మీద ఉండేది, నేను పోయి తీసుకునేదాన్ని. ఇవి చెప్పుకునేంత సంగతులు కావు. కానీ చూడడం మానలేకపోయాను. సాయంత్రం దండం పెట్టేటప్పుడు అందరి పేర్లూ వచ్చేవి, ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాటేసి పోయేదాన్ని.

మొన్నటి ఏడు పెనుకొండ అమ్మవారి గుడి పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. అమ్మవారి కల్యాణానికి ఈసారి చీర మా మగ్గం మీద నేయించాలని.

"మా ఊరి ఆడబిడ్డ ఇల్లని వచ్చినామమ్మా," అన్నాడు నాతో. "కొంగులో మన ఊరిది ఏదన్నా ఒకటి కనపడల్ల. నెమళ్లు, హంసలు అన్ని చీరల్లోనూ ఉంటాయి. మనూరు అని తెలియల్ల."

నాకోసం వచ్చిన పని. ఆ మాట నేను ఎన్నిసార్లు లోపల అనుకున్నానో. కానీ గీసేది ఆమె కాబట్టి, ఊరు చూపిద్దామని నేనే ఆమెను రైల్లో పెనుకొండ తీసుకుపోయాను. గుడి చూపించాను, గుడి స్తంభాల మీది తామరలు చూపించాను, రథం చక్రాలు చూపించాను. తామరలు బాగుంటాయని కూడా చెప్పాను. ఆమె అన్నిటికీ తల ఊపింది. తిరిగి వస్తూ వాకిలి కింద ఆగి పైకి చూసింది.

"అక్కా, ఇదేంది?"

"ఎవరో దొర గుర్తు. పంది."

"ఎంత చెన్నాగుండాది చూడక్కా! కొంగుకు ఇదే. ఒక్కటే, నడిమధ్యలో, పెద్దది."

అని ఫోను తీసి నాలుగు ఫొటోలు తీసింది. ఆటో వెనక హారన్ కొడుతుంటే ఇద్దరం గోడకు ఒదిగి నిలబడ్డాం. నాకు కోపం రాలేదు అప్పుడు. నలభై ఏళ్లు నా కళ్లల్లో ఉన్న బొమ్మ. ఎన్నిసార్లు కాగితం మీద, వాకిట్లో, ఆవిరి పట్టిన కిటికీ మీద గీశానో లెక్కలేదు. అది చీరలోకి వస్తుందని నాకు ఒక్కసారీ తట్టలేదు. తట్టింది ఆమెకు, చూసిన నిమిషానికే.

నాలుగో రోజు గ్రాఫు తయారైంది. ఇంట్లోవాళ్లందరినీ బల్ల చుట్టూ పిలిచింది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. పంది వెన్ను మీది రోమాలు కూడా విడివిడిగా లేచాయి. చూస్తూ ఉండగానే తప్పు కనిపించింది నాకు.

మా మగ్గాల మీద చీర బోర్లా నేస్తారు. నేసేవాడికి పైకి కనపడేది చీర వెనుకవైపు. మంచి మొహం కిందికి ఉంటుంది. అందుకే ఒక దిక్కుకు చూసే బొమ్మ ఏదైనా ఉంటే గ్రాఫులో దాన్ని తిప్పి గీయాలి. మామ నాకు నేర్పిన మొదటి సంగతి అదే. ఆమె వచ్చినప్పటి నుంచి గీసినవన్నీ మామిడిపిందెలు, ఎదురెదురు నెమళ్లు, జంట హంసలు. అవి ఎటు తిప్పినా ఒకటే. ఒంటరిగా ఒక దిక్కుకు నడిచే బొమ్మ ఆమెకు ఇదే మొదలు. తెరమీద పంది సరిగ్గా మా వాకిలి మీద ఉన్నట్టే ఎడమకు చూస్తోంది. నేసి తీసి తిప్పితే కుడికి చూస్తుంది. అమ్మవారి కొంగు మీద స్వామి గుడికి వీపు పెట్టి నడుస్తాడు.

మా ఆయన దగ్గరగా వంగి పోగులు లెక్కపెట్టాడు. "జరీ పోగులు తేలకుండా ఉంటే చాలు," అన్నాడు. ఆయనకు పంది ఎటు చూస్తుందో పట్టలేదు. పెళ్లయ్యాక ఆ వాకిలి కింద వెయ్యిసార్లు పోయుంటాడు, ఒక్కసారీ తల పైకెత్తలేదు.

"ఎట్లుండాదక్కా?" అంది ఆమె.

"బాగుండాది," అన్నాను.

అట్టలు కొట్టించి తెచ్చారు. మా ఆయన మగ్గం గుంతలోకి దిగాడు. ముందు చీర ఒళ్లు, చివర కొంగు. కొంగు దాకా రావడానికి పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ నాకు గడువే. పొద్దున లేస్తూనే ఎంత నేశాడో చూసేదాన్ని. చెప్పాలని లేకపోలేదు. కానీ లోపల ఇంకొక ఆడది కూర్చుని ఉంది. ఆమె చూడాలనుకుంటోంది, గుళ్లో అందరి ముందు చీర విప్పడం, మా ఊరివాళ్లు "ఇదేంది, సామి అటు తిరిగినాడు" అనడం, చిన్నకోడలి మొహం. పొద్దున స్తోత్రం చదువుతుంటే పెదవులు చదివేవి, మనసు ఆ గుళ్లోనే తిరిగేది. ఒకరోజు మధ్యలో ఆగిపోయి, ఏ చరణం దాకా చదివానో తెలియక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

అత్త పక్కింటి వదినకు చెప్తోంది, వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ.

"చూసీచూడగానే పట్టేసిందంట వదినా. మా పెద్దది ఆ వాకిట్లోనే పుట్టి పెరిగింది గదా, దీనికి రాలేదు ఆ ఆలోచన."

"పుట్టిన ఊరు ఎవురికి కనపడతాది లే," అంది వదిన, నేను వింటున్నానని తెలిసే.

"కనపడకపోవడమేంది, మొక్కేది గూడా దానికి. మొక్కేదానికి ఉండే తెలివి ఇంగోదానికి యాడుండాది?"

ఇద్దరూ నవ్వారు. నేను బావి గట్టున గిన్నెలు తోముతున్నాను. మంచిదే అయింది అనుకున్నాను. చెప్పకపోవడమే మంచిదైంది.

తోడికోడలు రోజూ గుంత అంచున కూర్చుని, "బావా, అంతా సరిగా వస్తాందా?" అని అడిగేది. మా ఆయన మగ్గం కింద పెట్టిన అద్దం చూపించేవాడు. కింది మొహంలో పోగు తెగిందో, జరీ ముడిపడిందో చూసుకోవడానికి ప్రతి మగ్గం కిందా అట్లాంటి అద్దం ముక్క ఒకటి ఉంటుంది. అద్దంలో అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. తిరగబడినదాన్ని అద్దం మళ్లీ తిప్పి చూపిస్తుంది కదా. ఆ తప్పు పైనుంచి చూసినా తెలియదు, అద్దంలో చూసినా తెలియదు. చీర కోసి, తిప్పి, చేతిలో పట్టుకుంటే తప్ప. అదీ నాకు తెలుసు.

పదో రోజు ఆమె నా దగ్గరకు వచ్చింది. నేను దేవుడి పటాలకు పూలు గుచ్చుతున్నాను. కింద కూర్చుని తనూ రెండు పూలు తీసుకుని గుచ్చింది.

"అక్కా, నాకు బయంగా ఉండాది."

"ఎందుకు?"

"ఊళ్లోవాళ్లు దినామూ చూసే బొమ్మ గదా. నేను ఒక్కపారి చూసి గీసినా. యాడన్నా తప్పుపోతే అమ్మవారి చీర గదక్కా. మా అమ్మ గూడా కల్యాణానికి వస్తానంటాది. నువ్వు సరిగా చూసి చెప్పు. నీకయితే కండ్లు మూసుకున్నా కనపడతాది."

ఆ మాట అంటూ నా మొహంలోకి చూసింది. అడగనప్పుడు చెప్పకుండా ఊరుకోవడం వేరు, అడిగాక ఊరుకోవడం వేరని నాకు తెలుసు. నా చేతిలో సూది ఉంది, పువ్వు ఉంది, ఎదురుగా పటంలో అమ్మవారు ఉంది.

"అన్నీ సరిగానే ఉండాయి లేమ్మా," అన్నాను.

ఆమె ఊపిరి వదిలి, "నువ్వు చెప్పినావు గదా, చాలు," అని లేచి పోయింది. ఆ సాయంత్రం దీపం పెట్టాను కానీ, దేనికీ దండం పెట్టుకోలేకపోయాను.

పదమూడో రోజు పొద్దున మా ఆయన కొంగు నేయడం ఎత్తుకున్నాడు. ముందు గీతలు, ఆ తర్వాత పంది కాళ్లు. అత్త, పక్కింటి వదిన, తోడికోడలు గుంత చుట్టూ నిలబడి చూస్తున్నారు. కత్తి పిడి ఎడమ పక్కన లేచింది. పైనుంచి అచ్చం మా వాకిలి మీద ఉన్నట్టే ఉంది.

"ఆ కత్తి ఆ పక్కన ఉండకూడదు," అన్నాను.

పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆగింది. అందరూ నా వైపు చూశారు.

"తీసి తిప్పితే కుడిపక్కకు పోతాది. సామి గుడికి ఎనక్కు తిరుగుతాడు. గ్రాఫులోనే తిప్పి గీయల్ల. మామ ఉంటే మొదటి దినమే చెప్పేవాడు. చదువుకున్నోళ్లకు ఇది చెప్పేవాళ్లు లేరేమో."

చెప్పాల్సిందే చెప్పాను. చివరి మాట అక్కర్లేదు. అది అత్త వినాలని, వదిన వినాలని అన్నాను. ఒంటరిగా పిలిచి చెప్పడానికి నాకు పన్నెండు రోజులు దొరికాయి.

మా ఆయన చేతితో గాలిలో చీరను తిప్పినట్టు తిప్పి చూసుకుని, "అవునే," అన్నాడు మెల్లగా.

"ముందే చెప్పుంటే అయిపోయేది గదే పెద్దదానా," అంది అత్త.

"నాకూ ఇప్పుడే కనపడింది అత్తా."

తోడికోడలు పెరట్లోకి పోయి మొహం కడుక్కుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గ్రాఫు తిప్పడం ఆమెకు ఒక బొత్తాం పని. కానీ అట్టలు మళ్లీ కొట్టాలంటే ఆరు రోజులు పడుతుందని కొట్టేవాడు ఫోనులో చెప్పాడు. కల్యాణానికి ఇంక ఐదు రోజులే ఉంది.

"ఇప్పుడేం చేయల్లక్కా?" అంది. నన్నే అడిగింది.

మామ కాలంలో ఒకసారి ఇట్లాంటిదే జరిగింది. కొత్త అట్టలు కొట్టనక్కర్లేదు. దండగా కుట్టిన అట్టలన్నీ విప్పి, ఒక్కోదాన్ని కుడి కొస ఎడమకు వచ్చేటట్టు సగం చుట్టు తిప్పి, అదే వరసలో మళ్లీ కుట్టాలి. వరస తప్పితే పంది పంది కాదు. ఆ మాట చెప్పి చాప పరిచాను. మా ఆయన నేసిన మూడు వేళ్ల కొంగు పోగుపోగూ విప్పుతూ కూర్చున్నాడు. మేమిద్దరం రెండు రోజులు అట్టలు విప్పాం, తిప్పాం, కుట్టాం. నేను అంకె చెప్తే ఆమె అట్ట అందించేది. అంకెలు తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. ఆమె వేళ్లు దారం కోసుకుని ఎర్రబడ్డాయి. అత్త మా ఇద్దరికీ కాఫీ తెచ్చి మా పక్కనే పెట్టింది, నా గ్లాసు కూడా. ఆ రెండు రోజులు నేను సంతోషంగా ఉన్నాను. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది.

కల్యాణం పొద్దున గుళ్లో చీర విప్పారు. నేల మీద పరిచిన తెల్లగుడ్డ మీద కొంగు వెలిగింది. ఎర్రపట్టు మీద జరీ వరాహం ఎడమకు, అమ్మవారి దిక్కుకు నడుస్తోంది. మా ఊరివాళ్లు వంగి వంగి చూశారు. వాళ్లకు ఏ సందేహమూ రాలేదు.

"మన వాకిలి పందేరా. రోమాలు గూడా దింపినారు సూడు."

గుడి పెద్దాయన పళ్లెంలో టెంకాయ, రవికగుడ్డ, పసుపు కుంకుమ పెట్టుకుని వచ్చాడు.

"ఎవురమ్మా గీసినది?"

నా తోడికోడలు తన తల్లి పక్కన నిలబడి ఉంది. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి నన్ను రోంత ముందుకు జరిపింది.

"మా అక్కే. సామి ఎటు చూస్తాడో ఆమెకే తెలుసు."

"మా ఊరి ఆడబిడ్డ గదా మరి," అన్నాడు పెద్దాయన. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఎవరో నాయన బొరుగుల అంగడి గుర్తు చేశారు. "కాదు, గీసింది ఈమె" అని చెప్పడానికి ఎంతసేపు కావాలి? మూడు మాటలు. నేను రెండు చేతులూ చాపి పళ్లెం తీసుకున్నాను. గంట మోగింది, తెర పడింది, అమ్మవారికి చీర కట్టడం మొదలుపెట్టారు.

బయటికి వచ్చి వాకిలి కిందికి చేరాక ఆమె ఆగింది. ఆమె తల్లి ముందు నడుస్తోంది.

"అక్కా, ఒకటి అడగల్ల. ఆ దినం పూలు గుచ్చేటప్పుడు అన్నీ సరిగానే ఉండాయంటివి. అప్పుడు నీకు తెలియదా?"

పైన రాయి ఉంది. నేను పైకి చూడలేదు.

"తెలుసు," అన్నాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నేను పళ్లెం ఆమె వైపు చాపాను. "ఇది నీది. తీసుకోమ్మా."

"వద్దులే అక్కా. నీ పేరు చెప్పి ఇప్పించినా గదా, నువ్వే ఉంచుకో." గొంతు పెంచలేదు. నా కాలు చూసి, "మెల్లగా రా, రైలుకు ఇంకా టయిముండాది," అని తల్లి వెనుక పోయింది.

ఆ తర్వాత మా మధ్య ఏ గొడవా లేదు. అక్కా అనే పిలుస్తుంది. నా కాలు నొప్పంటే తైలం కాచి ఇస్తుంది. అత్తకు ఆ సంగతి చెప్పలేదు, మరిదికీ చెప్పినట్టు లేదు. దానికి నేను ఆమెకు రుణపడి ఉన్నాను. ఆమె అంత తేలిగ్గా ఊరుకోగలగడం చూసి, ఆ ఊరుకోవడం మీద కూడా నాకు అసూయ పుట్టింది. కానీ గ్రాఫులు నాకు చూపించడం మానేసింది. నేను ఆ కిటికీ పక్కకు పోతే తెర మీద ఉన్నదాన్ని దాచదు, అట్లాగని ఎట్లుందని అడగదు.

గుడి పెద్దాయన ఈ ఏడు మళ్లీ వచ్చాడు. రెండో చీరకు గుర్రం కావాలన్నాడు, రథం ముందుండే గుర్రం. మొన్న మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతుంటే ఆమె ఫోను తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"చూడక్కా," అంది. అంతే అంది.

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఒంటి గుర్రం, ముందుకాలు ఎత్తి ఉంది. తిప్పే గీసింది. కళ్లెం, జూలు, డెక్కలు, అన్నీ చూశాను. తప్పు కోసం వెతికానని ఒప్పుకోవాలి. దొరికితే ఈసారి వెంటనే చెప్పి మంచిదాన్ని అనిపించుకోవాలని కూడా ఉంది. రెండుసార్లు వెతికాను. దొరకలేదు. నేను గీసిన ఏ గుర్రం కంటే కూడా బాగుంది.

"బాగుండాది. ఏ తప్పూ లేదు," అన్నాను.

ఆమె నా మొహం చూసింది, చాలాసేపు. తర్వాత ఫోను తీసుకుని, మగ్గం గుంత దగ్గరకు పోయి, మా ఆయన్ను కూడా అడిగింది.